తేనా, వెయ్యనా, తియ్యనా

మా మేనల్లుడు ఈమధ్య గోపాల్‌పూర్ రోడ్డులో కొత్తగా తెరిచిన ఏసీ రెస్టారెంటులో సర్వరుగా చేరాడు. చేరగానే ట్రైనింగు ఇచ్చారట.

"ఏటి నేర్పినార్రా?" అని అడిగాను.

"నవ్వడం నేర్పినారు మావా."

"అదేటి, నీకు నవ్వడం రాదేటి?"

"ఈ నవ్వు వేరు. పైపళ్ళు మాత్రమే కనపడాల" అని అద్దం ముందు నిలబడి చూపించాడు. పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వచ్చినవాడిలా ఉన్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను, వాడికి కోపం వచ్చింది. "అయితే నువ్వే సెప్పు, ఏటి నేర్పాలో" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. వాడు చదువుతాడో లేదో తెలియదు. వాడిలాగే ట్రే పట్టుకుని హాల్లోకి మొదటి అడుగు వేయబోతున్న వాళ్ళు ఎవరైనా చదివితే చాలు.

ఒడిశాలోని బరంపురంలో ఒక భోజనం హోటల్లో నా ఉద్యోగమంతా గడిచింది. నేనెప్పుడు సూపర్‌వైజర్నయ్యాను, జీతం ఎలా పెరిగింది అన్నవి ఎవరికీ పనికొచ్చే సంగతులు కావు. కొత్తగా వచ్చినవాళ్ళకి వడ్డన నేర్పడమే నా అసలు పని. ఆ పని నాకు చాలా ఇష్టం. మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా, పెళ్ళి భోజనాల్లో ఎవరైనా గరిటె తప్పుగా పట్టుకుంటే చెయ్యి దురద పెడుతుంది.

సావుకారు

మా హోటలు పాత బస్టాండుకి దగ్గర్లో ఉంది. శాకాహారం, మధ్యాహ్నం ఆకు మీద భోజనం. యజమానిది తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడ్డ తెలుగు వర్తకుల కుటుంబం. ఊరంతా ఆయన్ని సావుకారనే పిలిచేది. తెలుగువాళ్ళతో తెలుగు, ఒడియావాళ్ళతో ఒడియా, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. కోపం కూడా రోజుకోసారైనా వచ్చేది. అయినా సరే, అన్నం విషయంలో అంత పట్టింపు ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. బల్ల ముందు కూర్చున్న ప్రతి మనిషికీ ముందు నీళ్ళు పెట్టాలి, ఆకు వెయ్యాలి. తింటారా, తినరా అన్నది తర్వాతి సంగతి.

ఆయన ఎలాంటి గురువో చెప్పడానికి ఒక సంఘటన చెబుతాను. పురుషోత్తంపూర్ వైపు నుంచి విద్యాధర్ అని ఒకతను కొత్తగా చేరాడు. ఇంట్లో ఒడియా, బయటా ఒడియానే, తెలుగు ముక్క రాదు. మొదటిరోజే మేము సాంబారు బకెట్టు అతని చేతికిచ్చాం. ఒక తెలుగు బట్టల వ్యాపారి ఆకులో రెండు గరిటెలు పడగానే "చాలు చాలు" అన్నాడు. ఒడియాలో చాలు అంటే నడుస్తూ ఉండటం. మిషను చాలు ఉంది, పని చాలు ఉంది అంటారు. కానియ్యమంటున్నాడనుకుని విద్యాధర్ ఇంకో గరిటె పోశాడు. వ్యాపారి "చాలు, చాలు!" అని గొంతు పెంచాడు. ఇంత ఇష్టంగా తినే మనిషి దొరికాడని విద్యాధర్ సంతోషపడి జోరు పెంచాడు. సాంబారు అన్నాన్ని దాటింది, ఆకును దాటింది, బల్ల అంచు మీంచి పెద్దమనిషి పంచె మీదికి దిగింది.

విద్యాధర్‌కి ఆ పూటే చివరి పూట అనుకున్నాం. సావుకారు గబగబా మేడ మీది తన ఇంటికి వెళ్ళి, ఉతికిన పంచె ఒకటి తెచ్చి ఆ వ్యాపారికిచ్చి దణ్ణం పెట్టాడు. జనం తగ్గాక విద్యాధర్‌ని బల్ల ముందు కూర్చోబెట్టి ఆకు వేశాడు. సాంబారు బకెట్టు తనే పట్టుకున్నాడు. "నోరు తెరవకూడదు. నీకు ఎక్కడ సరిపోయిందో నేనే తెలుసుకుంటాను" అని ఒడియాలో చెప్పి పొయ్యడం మొదలుపెట్టాడు. విద్యాధర్ భయంతో బిగుసుకుపోయి ఉన్నా, రెండో గరిటె సగంలో ఉండగానే అతని చెయ్యి దానంతటదే ఆకు మీదికి లేవబోయింది. అది పూర్తిగా లేవకముందే సావుకారు గరిటె ఆపేశాడు. "తినేవాడి చెయ్యి ముందు చెబుతుంది, నోరు తర్వాత చెబుతుంది. చెయ్యి చూడు. నీకు ఏ భాషా రాకపోయినా ఫరవాలేదు" అన్నాడు.

ఒక్క తిట్టు లేదు. ఇప్పుడు ఆ హాలు పెత్తనమంతా విద్యాధర్‌దే. తెలుగు నాకన్నా బాగా మాట్లాడతాడు.

మొహమాటం లేకుండా కొన్ని

గ్లాసు అంచు పట్టుకుని బల్ల మీద పెట్టకండి, అక్కడ ఒకరి పెదవి ఆనుతుంది. బల్ల తుడిచిన గుడ్డ భుజాన వేసుకోకండి. భోంచేసే మనిషి వీపు వెనక నిలబడకండి, అతనికి మెడ మీద దోమ వాలినట్టుంటుంది. ఆకు మడవకముందే తీసెయ్యడానికి చెయ్యి పెట్టకండి. కొందరు మజ్జిగ అన్నానికి ముందు కాస్త ఆగుతారు, ఏదో ఆలోచించుకుంటారు. ఆ ఆగడం కూడా భోజనంలో భాగమే.

కారు దిగినవాణ్ణి చూస్తే కొంతమంది సర్వర్లకి నడుం వంగుతుంది, సైకిలు దిగినవాణ్ణి చూస్తే మెడ బిగుస్తుంది. అలాంటివాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వాళ్ళకి నేర్పడానికి కూడా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పని రాకపోతే నేర్పొచ్చు, బుద్ధి లేకపోతే నేనేం చెయ్యను.

ఇక నేను నేర్పినవాళ్ళందరిలోకీ నాకు ఎక్కువ నేర్పిన మనిషి గురించి చెబుతాను.

పోలమ్మ

పోలమ్మది సోనేపూర్, సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఇంట్లో తెలుగు, ఊళ్ళో ఒడియా. మా హోటల్లో వెనకవైపు గిన్నెలు తోమేది. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఒకరోజు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"జగ్గారావు బాబూ, నన్ను హాల్లోకి తీసుకో."

"ఎందుకమ్మా?"

"నా కాడికి ఎంగిలాకులే వస్తన్నాయి. తిన్నోళ్ళ మొకం ఒక్కపాలి కూడా సూణ్ణేదు. ఆ సోడా నీళ్ళకి సేతులు పగిలిపోనాయి, అదీ నిజమే. అయినా అందుక్కాదు. నాకు ఒడ్డించాలనుంది."

ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. వడ్డించాలనుందని చెప్పి అడిగిన మనిషిని అదే మొదటిసారి చూడటం. వెంటనే సావుకారు దగ్గరికి తీసుకెళ్ళాను. మా హాల్లో అంతవరకూ ఆడవాళ్ళు వడ్డించలేదు. ఆయన పోలమ్మని ఎగాదిగా చూశాడు.

"దసరా దాకా సూస్తాను" అన్నాడు. "ఒక్క కంప్లైంటు వరకూ ఓర్చుకుంటాను. రెండోది వచ్చిందో, తిరిగి గిన్నెల కాడికే. మళ్ళీ ఈ మాట పట్టుకుని నా దగ్గరికి రాకండి, ఇద్దరూ."

పోలమ్మ తల ఊపింది. ఆమెకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు, హాలు దొరికింది.

పనిలో ఆమె అందం చూడాల్సిందే. నాలుగు గిన్నెలు ఒకే పిడికి తగిలించిన కూరల గుత్తి పట్టుకుని, రద్దీలో మనుషుల మధ్య నుంచి వెళ్ళేది. చుక్క కింద పడేది కాదు. ఊగే పడవలో చిన్నప్పటినుంచీ నిలబడ్డ కాళ్ళు అవి. ఎవరి ఆకులో ఏది అయిపోవచ్చిందో బల్ల అవతలి నుంచే పట్టేసేది. ఒడియా వాళ్ళు వస్తే "ఆగ్యాఁ, ఆపణ బసంతు" అని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టేది. ఆగ్యాఁ అంటే మన అయ్యగారూ అన్నట్టు, ఆపణ అంటే మీరు. కోర్టు గుమాస్తాలు, కాలేజీ మేష్టర్లు ఆమె వడ్డించే వరసలోనే కూర్చుంటామని పట్టుబట్టేవారు. నాకు లోలోపల గర్వంగా ఉండేది.

నువ్వు

చిక్కంతా తెలుగుతోనే వచ్చింది.

విజయవాడ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళలో ఒక ముసలాయన అన్నాన్ని కెలుకుతూ కూర్చున్నాడు. పోలమ్మ అలల హోరు మీద నుంచి పిలిచే గొంతుతో, "ఏటి తాతా, అలగ కెలుకుతన్నావు? నువ్వు తినకపోతే ఎలగ? ఆగు, నెయ్యి తెస్తాను" అంది. ముసలాయన ఏమీ అనుకున్నట్టు లేదు. ఆయన కొడుకు మొహం మాత్రం కందగడ్డ అయింది. సాయంత్రానికి ఫోన్లో మా హోటలు పేరు కింద ఒకే ఒక్క నక్షత్రం పడింది. సావుకారు ఫోను దూరంగా పట్టుకుని చదివాడు: "ఇక్కడి సర్వరుకి మర్యాద తెలియదు. మా నాన్నగారిని నువ్వు అంది."

ఫోను బల్ల మీద పెట్టి, "ఒకటయిపోయింది" అన్నాడు.

ఇందులో పోలమ్మ పొగరేమీ లేదు. శ్రీకాకుళం నుంచి మా గంజాం దాకా పల్లెల్లో నువ్వు అంటే తిట్టు కాదు. అది దగ్గరితనం. కృష్ణ, గుంటూరు వాళ్ళకి అది చెంపదెబ్బలా తగులుతుంది. ఆ సంగతి చెప్పి, మీరు అనడం నేర్చుకోమన్నాను.

"మా అయ్యని నువ్వంటాను. గంగమ్మ తల్లిని నువ్వంటాను. ఈయన గంగమ్మ కన్నా పెద్దోడేటి?" అంది.

"మరి ఒడియా వాళ్ళని ఆపణ అంటున్నావు కదా?"

"అది బయటోళ్ళ బాస బాబూ. తెలుగు మాటాడీవోడు మనోడు గదా! మనోణ్ణి పట్టుకుని మీరంటే దెబ్బలాడినట్టుంటాది. మా ఆయన మీద కోపమొస్తేనే నాను 'మీరు తినండి' అంటాను."

ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడుతూ నేను ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. అయినా సావుకారు మాట సావుకారు మాటే. ఆమెకి హాలు పోకుండా ఉండాలంటే మీరు అనక తప్పదు. మధ్యాహ్నం పని అయ్యాక ఖాళీ కుర్చీల్ని కస్టమర్లనుకోమని ప్రాక్టీసు చేయించాను.

పాపం, ఆ మీరు ఆమె నోట్లో ఎక్కడ పెట్టాలో తెలియని సామానైపోయింది. మనుషుల్ని వదిలేసి వస్తువులకి తగులుకునేది. ఒక బ్యాంకు మేనేజరుతో "పులుసు వేడిగా ఉన్నారు, జాగర్త" అంది. ఇంకొకరితో "అప్పడాలు అయిపోయారండి, ఇప్పుడే వస్తారు" అంది. వాళ్ళు నవ్వుకున్నారు, మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది. కానీ పోలమ్మకి భయం పట్టుకుంది. తెలుగువాళ్ళ బల్ల దగ్గరికి వెళ్తే నోరు కట్టేసుకుని వడ్డించి వచ్చేసేది. వడ్డనలో ఆమెకున్న సంతోషమంతా పోయింది. నాకు బాధేసింది. ఒక మంచి సర్వరుని నేనే చేజేతులా పాడుచేస్తున్నానేమో అనిపించింది.

దెబి కి

ఒకరోజు పక్క బల్ల మీద ఒడియా కుటుంబానికి ఆమె వడ్డిస్తుంటే వింటున్నాను. "భాత దెబి కి? డాలి దెబి కి?" అంటోంది. అన్నం వెయ్యనా, పప్పు వెయ్యనా అని. ఆ మాటల్లో ఆపణ లేదు. ఎదుటి మనిషిని ఏమని పిలవాలన్న గొడవే లేదు. తను ఏం చెయ్యాలో అడుగుతోంది, అంతే.

వెంటనే వంటింట్లోకి పిలిచాను. "పోలమ్మా, ఈ దెబి కి ఉంది చూడు, దీన్ని తెలుగులోకి తెచ్చెయ్. వాళ్ళేం చేస్తారని అడక్కు. నువ్వేం చెయ్యాలో అడుగు. తేనా, వెయ్యనా, తియ్యనా. నువ్వూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు."

"పప్పు ఎయ్యనా... నీళ్ళు తేనా... ఆకు తియ్యనా..." అని పెదవులతో అనుకుంది. తర్వాత మొహం వికసించింది. "ఇది నాను సెప్పగలను" అంది.

ఆ రోజు నుంచి హాల్లో మళ్ళీ ఆ గొంతు వినపడింది. నేను ఆమెతో ఆగలేదు, అందరికీ అదే నేర్పాను. వడ్డన గురించి నేను చెప్పగలిగిన మాట ఏదైనా ఉంటే ఇదే. "మీకేం కావాలి" అని అడిగితే ఆలోచించే బరువు ఆకలితో ఉన్నవాడి మీద పెట్టినట్టు. "వేడన్నం వెయ్యనా" అంటే ఆ బరువు మనం ఎత్తుకున్నట్టు. మా మేనల్లుడి రెస్టారెంటు వాళ్ళు పళ్ళ సంగతి వదిలేసి ఇది నేర్పితే బాగుండును.

ఆ మధ్యాహ్నం

దసరా దగ్గర పడింది. రెండో కంప్లైంటు రాలేదు. పోలమ్మా, నేనూ ఆ సంగతి పైకి అనుకునేవాళ్ళం కాదు, ఎవరి దిష్టి తగులుతుందోనని.

మధ్యాహ్నం ఒక కారు ఆగింది. గుంటూరు వైపు వాళ్ళు, పూరీ నుంచి తిరిగి వెళ్తున్నారు. కొడుకు, కోడలు, ఒక పెద్దావిడ. గుమ్మంలోనే ఆ అబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. "నాన్నగారి అస్థికలు కలిపి వస్తున్నాం. అమ్మ సరిగ్గా తిని చాలా రోజులైంది. ఏమీ వద్దంటోంది, ఆమెకి వడ్డించకండి" అన్నాడు. నేను ఆ మాట పోలమ్మ చెవిన వేశాను. ఆ వరస ఆమెదే.

సావుకారు నియమం ప్రకారం పోలమ్మ ముగ్గురికీ ఆకులు వేసింది. వద్దన్నా వినకుండా పెద్దావిడ ఆకులో కూడా అన్నం పెట్టి, దాని మీద పప్పు వేసింది. "నెయ్యి ఎయ్యనా?" అంది. జవాబు లేదు. "పోనీ, మజ్జిగ తేనా?" లేదు. నేను నేర్పిన మాటలన్నీ వాడింది, ఒక్కటీ తప్పు పోలేదు. పెద్దావిడ ఆకు వైపు కూడా చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ మీది ఫ్యాను స్విచ్చులకేసి చూస్తూ కూర్చుంది. అవతల కొడుకూ కోడలూ తల వంచుకుని తింటున్నారు. పప్పు మీద మీగడ కట్టినట్టు పొర కట్టింది.

పోలమ్మ అక్కడే నిలబడిపోయింది. నాకేసి చూసింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలిసిపోయి, వద్దని తల అడ్డంగా ఊపాను. తర్వాత ఆమె కౌంటరు వైపు చూసింది. సావుకారు అటే చూస్తున్నాడు. ఆయన చూస్తున్నాడని ఆమెకి తెలుసు. తెలిసే గుత్తి కింద పెట్టింది.

"అమ్మా, ఇలగ సూడు" అంది. హాలంతా వినపడింది. "నువ్వు తినాల. ఎల్లిపోనోడు ఎల్లిపోనాడు. నీ కడుపు మాడిస్తే తిరిగొస్తాడేటి? కలుపు. ఒక్క ముద్ద కలుపు. నువ్వు తినీదాకా నానిక్కణ్ణించి కదల్ను."

తింటున్నవాళ్ళ చేతులన్నీ ఆగిపోయాయి.

కొడుకు ఎంగిలిచేత్తోనే లేచి కౌంటరు దగ్గరికి వచ్చేశాడు. "ఏమండీ, ఇదేనా మీ పద్ధతి? వడ్డించొద్దని చెప్పాను. అయినా మా అమ్మని పట్టుకుని నువ్వు అంటుందా? మా నాన్నగారి గురించి అలా మాట్లాడుతుందా? అసలు మీరు మీ మనుషులకి ఏం..."

"అమ్మాయ్."

వెనక నుంచి సన్నటి గొంతు. చాలా రోజులుగా వాడని గొంతు.

"పప్పు చల్లారిపోయింది. వేడిది కొంచెం వెయ్యి."

అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు. వాళ్ళమ్మ అన్నం కలుపుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, కలుపుతూనే ఉంది. పోలమ్మ వేడి పప్పు కోసం వంటింట్లోకి పరుగెత్తింది.

సావుకారు, "ఏటో సెప్తన్నారు బాబూ?" అన్నాడు.

"ఏం లేదండి" అన్నాడు ఆ అబ్బాయి. వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు.

ఆ పెద్దావిడ మజ్జిగ అన్నం దాకా తింది. వెళ్ళేటప్పుడు పోలమ్మ చెయ్యి కాసేపు పట్టుకుంది. ఆ పగిలిన చేతిని తడిమి చూసి కారెక్కింది.

జనం పలచబడ్డాక పోలమ్మ ఎవరూ చెప్పకుండానే వెనక గదిలోకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి చూసేసరికి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గిన్నెల ముందు కూర్చుని ఉంది. "మాట మాటే గదా బాబూ" అంది, సోడా పొడి నీళ్ళలో వేసుకుంటూ.

ఇంతలో సావుకారు గుమ్మంలోకి వచ్చాడు. గిన్నెల ముందున్న ఆమెని చూశాడు. ఆ మొహంలో కోపమో ఏమో నాకు తెలియలేదు. నా వైపు తిరిగాడు.

"జగ్గారావూ, గిన్నెల కాడికి ఇంకో మనిసిని సూడు. హాల్లో ఈమె వరస ఖాళీగా ఉంది."